జబ్బుల పేర్లు సరే, వాటి వరస ఏది?

కేస్ షీట్లు, డిశ్చార్జి సమ్మరీలు, మరణ ధ్రువపత్రాలు రాసే డాక్టర్లకు, ఆ మాటల్ని తెలుగులోకి తెచ్చే అనువాదకులకు, ఆరోగ్య వార్తలు రాసే పాత్రికేయులకు, వైద్య రికార్డుల కోడింగులోనూ (కాగితంలోని జబ్బు పేర్లకు లెక్కల కోసం గుర్తులు వేసే పని) వ్యాధుల లెక్కల్లోనూ పనిచేసే మేం కొందరం రాస్తున్న బహిరంగ లేఖ.

నమస్కారం.

డెబ్బై ఏళ్ల మనిషి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరాడనుకుందాం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఒక వరుస ఉంటుంది: ‘కోమార్బిడిటీలు: షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, న్యుమోనియా.’ నాలుగు పేర్లూ స్పష్టంగానే ఉన్నాయి. ఏది దేనికి ఏమవుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు. కిడ్నీలను పాడుచేసింది షుగరేనా, లేక వాటి జబ్బు వాటికే విడిగా వచ్చిందా? న్యుమోనియాతోనే ఆసుపత్రికి వచ్చాడా, ఆపరేషన్ అయ్యాక మంచం మీద ఉండగా వచ్చిందా? పెళ్లింట్లో నలుగుర్ని చూపించి ‘వీళ్లంతా చుట్టాలే’ అంటే ఎంత తెలుస్తుందో, ఈ వరుసతోనూ అంతే తెలుస్తుంది. ఎవరు ఎవరికి ఏ వరస అవుతారన్నదే కదా అసలు సంగతి.

ఒకే మనిషిలో ఒకటికి మించి జబ్బులుంటే వాటి మధ్య సంబంధాన్ని బట్టి వైద్యంలో వేర్వేరు మాటలున్నాయి: కోమార్బిడిటీ, మల్టీమార్బిడిటీ, కాంప్లికేషన్, సీక్వెలా, కోఇన్‌ఫెక్షన్, సూపర్‌ఇన్‌ఫెక్షన్. వీటన్నిటినీ ‘కోమార్బిడిటీ’ అనే ఒక్క గంపలో వేస్తున్నారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ గంప కూడా పోయి ‘ఇతరత్రా ఆరోగ్య సమస్యలు’ మిగులుతోంది. దీనివల్ల ఎక్కడెక్కడ ఏం చెడుతోందో, దాన్ని ఎలా సరిచేయవచ్చో చెప్పడానికే ఈ లేఖ.

కోమార్బిడిటీ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికా వైద్యుడు ఆల్వన్ ఫైన్‌స్టీన్, 1970లో. ఆయన చెప్పింది సూటిగా ఇది: మనం ఒక జబ్బును పట్టుకుని చూస్తున్నప్పుడు, ఆ జబ్బున్న మనిషిలో దానికి తోడుగా ముందునుంచీ ఉన్న, లేదా ఆ జబ్బు నడుస్తుండగా వచ్చే మరో విడి జబ్బు. ఈ నిర్వచనంలో మధ్య గుంజ ఒకటుంది. ఏ జబ్బును పట్టుకుని చూస్తున్నామో అది. గుంజ పేరు చెప్పకుండా కోమార్బిడిటీ అంటే ‘బావగారు’ అని ఊరుకుని ఎవరికి బావో చెప్పకపోవడం లాంటిదే. గుండె డాక్టరు కాగితంలో గుండె వైఫల్యం గుంజ, కిడ్నీ జబ్బు దానికి తోడు. అదే మనిషి మర్నాడు కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళితే కిడ్నీ జబ్బు గుంజ, గుండె వైఫల్యం తోడు. మనిషి మారలేదు, జబ్బులూ మారలేదు. చూసే చోటు మారింది. కాబట్టి ‘దేనికి తోడు?’ అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే ఆ మాట రాసినా రాయకపోయినా ఒకటే.

మల్టీమార్బిడిటీలో గుంజ ఉండదు. ఒక మనిషిలో రెండు లేదా అంతకు మించి దీర్ఘకాలిక జబ్బులు ఉండటం, అందులో ఏదీ ‘అసలు’ది కాకపోవడం ఆ మాటకు అర్థం. బ్రిటన్‌లోని అకాడమీ ఆఫ్ మెడికల్ సైన్సెస్ 2018లో ఇచ్చిన నిర్వచనంలో శరీరానికి వచ్చే దీర్ఘకాలిక జబ్బులతో పాటు మానసిక వ్యాధులు, హెచ్ఐవీ, హెపటైటిస్-సి లాంటి ఏళ్ల తరబడి ఉండే ఇన్‌ఫెక్షన్లు కూడా లెక్కలోకి వస్తాయి. రోగిని మొత్తంగా చూసుకునే కుటుంబ వైద్యుడికి పనికొచ్చే మాట ఇది. ఒక స్పెషలిస్టు తన జబ్బు చుట్టూ రాసుకునేది కోమార్బిడిటీ. ‘ఈయనకు షుగరు, దానికి మల్టీమార్బిడిటీ ఉంది’ అని రాస్తే వాక్యమే కుదరదు. మల్టీమార్బిడిటీ మనిషికి ఉంటుంది గానీ జబ్బుకు ఉండదు.

మూడోది కాంప్లికేషన్. మొదటి జబ్బు వల్లనో, దానికి చేసిన వైద్యం వల్లనో పుట్టుకొచ్చేది. ఇక్కడ రెంటి మధ్యా తల్లీబిడ్డల వరస. దీనికి తెలుగులో ఏనాటినుంచో మంచి మాట ఉంది: ఉపద్రవం. ఈ రోజుల్లో తుపానుకూ వరదకూ వాడుతున్నాం గానీ, ఆయుర్వేద గ్రంథాల్లో దాని అర్థం ఖచ్చితమైనది. ఒక రోగం వచ్చాక, దాన్ని ఆశ్రయించుకుని, దాని తర్వాత పుట్టే మరో రోగం ఉపద్రవం. తర్వాత రావాలి, దాన్నిబట్టే రావాలి. ఈ రెండు షరతులూ నేటి కాంప్లికేషన్‌కు అక్షరాలా సరిపోతాయి. ఇంత చక్కటి మాటను వదిలేసి ‘సంక్లిష్టతలు’ అని రాయడం మాకు అర్థం కాదు. సంక్లిష్టత అంటే చిక్కుగా ఉండటం. గడియారం లోపలి యంత్రం కూడా సంక్లిష్టమే.

ఏది తోడు, ఏది ఉపద్రవం అని తేల్చడం ఎప్పుడూ తేలిక కాదు. అలాగని తేల్చకుండా వదిలేస్తే వైద్యమే తప్పు దారి పడుతుంది. షుగరు, కిడ్నీ జబ్బుల జంటనే చూడండి. షుగరున్న మనిషికి క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) పెరిగింది కనుక ‘డయాబెటిక్ నెఫ్రోపతీ’, అంటే షుగరు వల్ల చెడిన కిడ్నీ, అని రాసేయడం పరిపాటి. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కానీ కొన్ని ఆనవాళ్లు కనిపిస్తే ఆగి చూడాలి. టైప్-1 షుగరు మొదలై ఐదేళ్లు కూడా కాలేదు, కంటి రెటీనాలో షుగరు మార్పులు లేవు, మూత్రంలో రక్తకణాలు పోతున్నాయి, కిడ్నీ పనితీరు నెలల వ్యవధిలోనే జారిపోతోంది. ఇలాంటప్పుడు కిడ్నీలో మరో జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పట్టడానికి బయాప్సీ అవసరం కావచ్చు, కొన్నిటికి పూర్తిగా వేరే మందులుంటాయి. ‘షుగరు ఉపద్రవం’ అన్న ముద్ర ఒకసారి పడ్డాక ఆ వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. తర్వాత వచ్చే ప్రతి డాక్టరూ పాత కాగితం చూసి అదే రాస్తాడు. ఐదో కాగితం నాటికి అది ప్రశ్నించరాని సత్యమైపోతుంది. ఖాయంగా తెలియకపోతే ‘షుగరు ఉంది, కిడ్నీ జబ్బు ఉంది, కారణం ఇంకా తేలలేదు’ అని రాయడంలో చిన్నతనమేమీ లేదు.

కిడ్నీ విషయంలో ఇంకో చిక్కు: పాతదా, కొత్తదా? దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే కిడ్నీల వడపోత రేటు 60కి తక్కువగా ఉండటమో, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను పోవడం లాంటి నష్టపు గుర్తులుండటమో కనీసం మూడు నెలల పాటు కొనసాగాలి. చేరిన రోజున క్రియాటినిన్ 3.2 వచ్చిందన్న ఒక్క రిపోర్టుతో ఆ మాట రాయడానికి వీల్లేదు. పాత రిపోర్టు ఉందేమో అడగాలి. లేకపోతే స్కానింగులో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపిస్తే పాతదనుకోవచ్చు. షుగరు వల్ల దెబ్బతిన్న కిడ్నీలు మాత్రం జబ్బు ముదిరినా మామూలు సైజులోనే ఉండిపోవచ్చు కనుక, సైజు బాగుందని కొత్త జబ్బు అనుకోకూడదు. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగినా, ఏడు రోజుల్లో ఒకటిన్నర రెట్లైనా అది అప్పటికప్పుడు తగిలిన దెబ్బ. పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడిందా, అయితే రెండూ రాయండి. ఒకటి తోడు జబ్బు, రెండోది బహుశా ఉపద్రవం. రెంటినీ కలిపి ‘కిడ్నీ ఫెయిల్యూర్’ అని రాస్తే, కోలుకునే అవకాశమున్న మనిషిని కూడా ఇంట్లోవాళ్లు జీవితాంతం డయాలసిస్ అనుకుని బెంగపెట్టుకుంటారు.

షుగరు దగ్గరా ఇదే కథ. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజున రక్తంలో గ్లూకోజు 380 వచ్చింది. ఇది ముందునుంచీ ఉండి బయటపడని షుగరా, స్టెరాయిడ్ తెచ్చిన షుగరా? హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. 6.5 లేదా అంతకు మించి ఉంటే జబ్బు పాతది, స్టెరాయిడ్ దాన్ని ఎగదోసింది. అది తోడు జబ్బు. 5.4 ఉంటే మందు తెచ్చిన జబ్బని గట్టిగా అనుమానించాలి, స్టెరాయిడ్ ఆపాక మళ్లీ చూడాలి. కానీ ఈ పరీక్షను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఈమధ్యే రక్తం ఎక్కించినా, ఎర్రకణాలు త్వరగా చితికిపోయే రక్తహీనత ఉన్నా అంకె తప్పుడుగా తక్కువ రావచ్చు. ఈ తేడా కాగితం మీదికి ఎక్కకపోతే ఏమవుతుంది? తాత్కాలికంగా గ్లూకోజు పెరిగిన మనిషి కాగితాల్లో జన్మంతా షుగరు పేషెంటుగా మిగులుతాడు. లేదా అసలైన షుగరున్న మనిషి ‘స్టెరాయిడ్ వల్లేలే’ అన్న మాట పట్టుకుని మందు మానేస్తాడు.

మందు తెచ్చిన జబ్బుల్ని తోడు జబ్బులుగా రాయడం మా కంటపడే తప్పుల్లో అన్నిటికన్నా నష్టం చేసేది. బీపీకి అమ్లోడిపిన్ ఇచ్చారు. కాళ్లు వాచాయి. ఆ వాపు ఆ మందు చేసేదేనని గుర్తించకుండా నీరు లాగే మాత్ర చేర్చారు. దాంతో యూరిక్ ఆమ్లం పెరిగి గౌట్ వచ్చి బొటనవేలి కీలు పట్టేసింది. దానికి నొప్పి మాత్రలు వచ్చాయి, అవి బీపీని పెంచాయి, కిడ్నీల మీదా పడ్డాయి. చివరి కాగితంలో ‘బీపీ, కాళ్ల వాపు, గౌట్, కిడ్నీ జబ్బు: మల్టీమార్బిడిటీ’ అని ఉంటుంది. నిజానికి అక్కడున్నది ఒక జబ్బు, ఒక మాత్ర, దాని వెనకే గొలుసుకట్టుగా మిగతావన్నీ. గొలుసు కనబడితే మొదటి మాత్ర మార్చేవారు. జాబితాగా రాశారు కనుక ఇంకో మాత్ర చేరుస్తారు.

డాక్టర్లకు మా మొదటి విన్నపం తేదీల గురించి. తోడు జబ్బుకూ ఉపద్రవానికీ మధ్య గీత గీసేది చాలావరకు తేదీయే. ప్రతి జబ్బు పక్కనా ‘ఎప్పటినుంచి’ అని రాయండి. ఏళ్లలో తెలిస్తే ఏళ్లు, రోజుల్లో తెలిస్తే రోజులు. ‘చేరినప్పటికే ఉంది’, ‘చేరాక వచ్చింది’, ‘తేలలేదు’ అనే మూడింట్లో ఏదో ఒకటి తప్పక ఉండాలి. తుంటి ఎముక రోగికి ఐదో రోజున వచ్చిన న్యుమోనియాను కోమార్బిడిటీల వరుసలో పెట్టారంటే, ఆసుపత్రిలో జరిగింది రోగి వెంట తెచ్చుకున్నదిగా మారిపోయింది. ఆ తర్వాత మేం ఎంత జాగ్రత్తగా కోడ్ వేసినా ఆ వార్డులో ఆపరేషన్ తర్వాతి న్యుమోనియాలు ఎక్కువవుతున్నాయని ఎవరికీ కనిపించదు. మంచం తల వైపు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, త్వరగా లేపి నడిపించడం లాంటి నివారణ పనుల మీద ఎవరి దృష్టీ పడదు. ఇది కావాలని దాచడం అని మేం అనడం లేదు. తోడు జబ్బులకు ఒక గడి, ఉపద్రవాలకు ఒక గడి విడివిడిగా లేని ఫారమే సగం తప్పు చేయిస్తుంది. ఫారాలు తయారుచేసేవాళ్లు ఈ ఒక్క గడి చేర్చినా మా పని సగానికి సగం తేలికవుతుంది.

మరణ ధ్రువపత్రంలో ఈ తేడా ఇంకా పదునుగా తెలుస్తుంది, ఎందుకంటే అంతర్జాతీయ నమూనాను కట్టిందే ఈ తేడా మీద. మొదటి భాగంలో మరణానికి దారితీసిన గొలుసు రాయాలి. పై వరుసలో చివరికి ప్రాణం తీసినది, దాని కింద దానికి కారణం, ఆ కింద దానికి కారణం, అట్టడుగున అన్నిటికీ మూలం. రెండో భాగంలో ఆ గొలుసులో భాగం కాకుండా మరణానికి తోడ్పడ్డ జబ్బులు రాయాలి. అంటే ఉపద్రవాలు మొదటి భాగంలోకి, తోడు జబ్బులు రెండో భాగంలోకి. ఉదాహరణకు పై వరుసలో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగడం, కొన్ని గంటలు. దాని కింద చివరి దశ కిడ్నీ జబ్బు, రెండేళ్లు. దాని కింద డయాబెటిక్ నెఫ్రోపతీ, ఎనిమిదేళ్లు. అట్టడుగున టైప్-2 షుగరు, ఇరవై ఏళ్లు. ఆ మనిషికి పొగతాగడం వల్ల వచ్చిన సీఓపీడీ (ఊపిరి గొట్టాలు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) కూడా ఉండి, చివరి రోజుల్లో పరిస్థితిని దిగజార్చి ఉంటే అది రెండో భాగంలో. రాశాక ఒక్క నిమిషం పై నుంచి కిందికి చదవండి. ప్రతి వరుస తర్వాతా ‘ఇది దేనివల్ల?’ అని అడిగితే కింది వరుస జవాబు కావాలి. కాలం కిందికి పోయేకొద్దీ పెరగాలి. కింది వరుసలో ఉన్నది పై దానికంటే తర్వాత పుట్టిందని కాలం గడి చెబుతుంటే గొలుసు తలకిందులైనట్టే. ఇక ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అన్న మాట దయచేసి రాయకండి. గుండె, ఊపిరి ఆగిపోవడం ప్రతి మరణంలోనూ జరిగేదే. అది మరణమే గానీ దానికి కారణం కాదు.

కోవిడ్ రోజుల్లో పత్రికల్లో నడిచిన ‘కోవిడ్‌తోనా, కోమార్బిడిటీలతోనా?’ అన్న వాదం చాలావరకు ఈ రెండు భాగాల సంగతి తెలియక పుట్టిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోవిడ్ న్యుమోనియాకు, అది ఊపిరి అందని స్థితికి దారితీసి మరణం సంభవిస్తే ఆ గొలుసు మొదటి భాగంలో రాయాలి. షుగరు, గుండెజబ్బు లాంటివి రెండో భాగంలోకి వెళతాయి. తోడు జబ్బు ఉన్నంత మాత్రాన మూల కారణం మారిపోదు. కోవిడ్ ఉన్న మనిషి రోడ్డు ప్రమాదంలో పోతే అది కోవిడ్ మరణం కూడా కాదు.

సీక్వెలా సంగతి తొందరగా చెప్పేస్తాం. మూల జబ్బు తన పని చేసి వెళ్లిపోయాక మిగిలిపోయిన లోపం అది. పక్షవాతం తర్వాత మిగిలిన మాట తడబాటు, టీబీ నయమయ్యాక మచ్చలు పడిన ఊపిరితిత్తి, పోలియో తర్వాత సన్నబడిన కాలు. ఉపద్రవం నడిచే జబ్బుకు బిడ్డ, సీక్వెలా వెళ్లిపోయిన జబ్బు ఆస్తి, లేదా అప్పు. మూడేళ్ల కిందటి పక్షవాతాన్ని నేటి కాగితంలో ‘స్ట్రోక్’ అని రాస్తే లెక్కల్లో ఆ మనిషికి కొత్తగా మరో పక్షవాతం వచ్చినట్టు పడుతుంది. ‘పాత పక్షవాతం, మిగిలిన కుడివైపు బలహీనత’ అని రాస్తే సరిపోతుంది. మానిన టీబీ మచ్చను టీబీగా రాస్తే ఇంకా ప్రమాదం. అవసరం లేని ఆరు నెలల మందులు మళ్లీ మొదలవుతాయి.

ఇన్‌ఫెక్షన్లలో కోఇన్‌ఫెక్షన్, సూపర్‌ఇన్‌ఫెక్షన్ అన్నవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. మొదటిది రెండు క్రిములు దాదాపు ఒకేసారి పట్టడం. రెండోది ఒక ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట దానిపైన ఇంకొకటి వచ్చి చేరడం. ఈ తేడా ఎంత విలువైనదో హెపటైటిస్-డి చెబుతుంది. ఈ వైరస్ హెపటైటిస్-బి లేకుండా బతకలేదు. బి, డి రెండూ ఒకేసారి సోకితే కాలేయం వాపు తీవ్రంగా రావచ్చు గానీ, పెద్దవాళ్లలో చాలామందికి రెండూ పోతాయి. దీర్ఘకాలికంగా మిగిలేది నూటికి ఐదుగురి కంటే తక్కువమందిలో. అప్పటికే బి ఉన్న మనిషికి తర్వాత డి సోకితే కథ తిరగబడుతుంది. అత్యధికుల్లో అది దీర్ఘకాలికంగా పాతుకుపోతుంది, కాలేయం గట్టిపడటం వేగంగా సాగుతుంది. రెంటినీ వేరుచేసేది ఒక రక్తపరీక్ష. హెపటైటిస్-బి కోర్ యాంటీజన్ మీద ఐజీఎం యాంటీబాడీ గట్టిగా ఉంటే బి కూడా కొత్తదే కనుక కోఇన్‌ఫెక్షన్. అది లేకుండా సర్ఫేస్ యాంటీజన్ మాత్రమే ఉంటే సూపర్‌ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గు. రెండు మాటల్నీ తెలుగులో ‘ద్వంద్వ సంక్రమణ’ అని అనువదిస్తే రోగి భవిష్యత్తు చెప్పే సమాచారమే చెరిగిపోతుంది. ‘జంట ఇన్‌ఫెక్షన్’, ‘పైన పడ్డ ఇన్‌ఫెక్షన్’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. టీబీతో షుగరు ఉండటాన్ని కోఇన్‌ఫెక్షన్ అని రాసిన వార్తలూ ఉన్నాయి. షుగరు అంటుజబ్బు కాదు, అది తోడు జబ్బు.

టీబీ, షుగరు జంటలో సంబంధం రెండు వైపులా నడుస్తుందని కూడా రాయాలి. షుగరుంటే టీబీ రేగే ముప్పు రెండు మూడు రెట్లవుతుంది. టీబీ తాలూకు ఒత్తిడి రక్తంలో గ్లూకోజును పెంచుతుంది. పైగా టీబీకిచ్చే రిఫాంపిసిన్ కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైములను ఉసిగొల్పి, కొన్ని షుగరు మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఇంకా పేదరికం, ఇరుకు ఇళ్లు, తిండి లేమి కలిసి ఇలాంటి జంటలను ఒకే వాడలో పెంచి పోషిస్తుంటే దానికి సిండెమిక్ అని వేరే పేరుంది. అమెరికా వైద్య మానవశాస్త్రజ్ఞుడు మెరిల్ సింగర్ 1990లలో తెచ్చిన మాట. రెండు జబ్బులు కలిసి కనబడిన ప్రతిచోటా దాన్ని వాడకూడదు. జబ్బులు ఒకదాన్నొకటి ఎగదోయాలి, వెనక సామాజిక స్థితి ఉండాలి.

మద్యం వ్యసనం, దిగులు జబ్బు కలిసినప్పుడు వాడే ‘డ్యూయల్ డయాగ్నసిస్’కు కూడా తేదీ పరీక్షే. తాగుడు మానిన సుమారు నెల రోజుల తర్వాత కూడా దిగులు తగ్గకపోతే, లేదా తాగుడుకు ముందే అది ఉండి ఉంటే విడి జబ్బుగా రాయాలి. అంతకుముందే రెండో ముద్ర వేసేయడం తొందరపాటు. ఆ నెల రోజులూ దిగులును పట్టించుకోకుండా ఉండమని కాదు, ఆత్మహత్య ఆలోచనలుంటే ఆ పూటే చూడాలి. ముద్రకూ చికిత్సకూ తొందర ఒకటి కాదు, అంతే.

పాత్రికేయులకు, లెక్కలు ప్రచురించేవాళ్లకు కొంచెం వివరంగా చెప్పాల్సింది ఒకటుంది. ‘ఫలానా జబ్బున్నవారిలో ఇంతశాతం మందికి మరో జబ్బు కూడా ఉంది, కనుక రెంటికీ సంబంధం ఉంది’ అన్న వార్త రాసేముందు, ఆ లెక్క ఆసుపత్రిలోదా, బయట జనంలోదా అని అడగండి. ఒక ఊహా లెక్క చూడండి. పదివేలమందిలో మొదటి జబ్బు వెయ్యిమందికి, రెండోది రెండువేలమందికి ఉంది, రెంటికీ ఏ సంబంధమూ లేదు. అప్పుడు మొదటి జబ్బున్న వెయ్యిమందిలో 200 మందికి, అంటే 20 శాతానికి, రెండోది కూడా ఉంటుంది. ఒక్కో జబ్బుకూ ఆసుపత్రిలో చేరే అవకాశం పదిశాతం అనుకుందాం. మొదటిది మాత్రమే ఉన్న 800 మందిలో 80 మంది చేరతారు. రెండూ ఉన్నవాళ్లు రెండింట్లో ఏదో ఒకదానికి చేరవచ్చు కనుక వాళ్ల అవకాశం 19 శాతం. 200 మందిలో 38 మంది. ఇప్పుడు ఆసుపత్రిలో మొదటి జబ్బున్న 118 మందిలో 38 మందికి రెండోదీ ఉంది, అంటే 32 శాతం. లేని సంబంధం ఆసుపత్రి గుమ్మం దగ్గర పుట్టింది! అమెరికా గణాంకవేత్త జోసెఫ్ బెర్క్‌సన్ 1946లో చూపిన ఈ వంకర ఆయన పేరుతోనే ప్రసిద్ధం. కోమార్బిడిటీ వార్తల్లో సగానికి దీన్ని అడ్డం పెట్టి చూస్తే నిలవవని మా అనుమానం.

మల్టీమార్బిడిటీ శాతాలు కూడా ఎన్ని జబ్బుల జాబితాతో లెక్కించారన్న దాన్నిబట్టి మారతాయి. స్కాట్లండ్‌లో 2012లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం సుమారు పదిహేడున్నర లక్షలమంది రికార్డుల్లో 40 జబ్బుల్ని వెతికి, 23 శాతం మందిలో రెండు లేదా అంతకు మించి ఉన్నాయని తేల్చింది. బాగా పేద ప్రాంతాల్లో ఈ స్థితి సంపన్న ప్రాంతాలకంటే 10-15 ఏళ్లు ముందే వస్తోందని కూడా చూపింది. పది జబ్బుల జాబితాతో చేసిన మరో సర్వేను దాని పక్కన పెట్టి ‘అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ’ అని రాయడం రెండు వేర్వేరు కుంచాలతో కొలిచి పోల్చడమే. షుగరు, దానివల్ల కన్ను, నరాలు, కిడ్నీ దెబ్బతిన్న మనిషిని ఒక జబ్బుగా లెక్కించారా, నాలుగుగానా అన్నది కూడా చూడాలి. ఉపద్రవాన్ని విడి జబ్బుగా లెక్కిస్తే శాతం ఊరికే ఉబ్బుతుంది.

ఏ తోడు జబ్బు ఎంత ప్రమాదమో మార్కులు వేసే లెక్కలోనూ ఈ తేడా ఉంది. అమెరికా వైద్యురాలు మేరీ చార్ల్‌సన్ బృందం 1987లో ఇచ్చిన సూచీలో మామూలు షుగరుకు 1, అవయవాన్ని దెబ్బతీసిన షుగరుకు 2, ఇతర భాగాలకు పాకిన క్యాన్సర్‌కు 6. విశేషమేమిటంటే మామూలు బీపీకి అందులో చోటే లేదు. కాబట్టి ‘నాలుగు కోమార్బిడిటీలున్నాయి’ అన్న వాక్యం ఒంటరిగా ఏమీ చెప్పదు. బీపీ, థైరాయిడ్, కీళ్ల అరుగుదల, గ్యాస్ ఉన్న మనిషికీ నాలుగే, గుండె వైఫల్యం, సిర్రోసిస్ (గట్టిపడిన కాలేయం), పక్షవాతం, పాకిన క్యాన్సర్ ఉన్న మనిషికీ నాలుగే.

చికిత్స దగ్గరికొస్తే, తోడు జబ్బులన్నీ ఒకేలా తోడుండవు. షుగరు, బీపీ, గుండె రక్తనాళాల జబ్బు ఒక దారిలో నడుస్తాయి. ఉప్పు తగ్గించడం, నడక, పొగ మానడం మూడింటికీ మేలు. ఆస్తమా, గుండెజబ్బు అలా కాదు. గుండెకిచ్చే బీటా బ్లాకర్లనే మందుల్లో కొన్ని ఊపిరి గొట్టాల్ని బిగిస్తాయి. కీళ్ల నొప్పికి వాడే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీని, గుండె వైఫల్యాన్ని దిగజారుస్తాయి. పయోగ్లిటజోన్ షుగరుకు మంచిదే గానీ గుండె వైఫల్యంలో ఒంటికి నీరు పట్టిస్తుంది. కిడ్నీ వడపోత రేటు 30 కంటే దిగితే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలి. కనుక కాగితంలో జబ్బుల జాబితాతో ఊరుకోకుండా, ‘ఈ జబ్బు ఉన్నందువల్ల ఆ జబ్బుకు ఈ మందు వద్దు’ అని ఒక్క వాక్యం రాయండి. పది పేర్ల జాబితా కంటే తర్వాతి డాక్టరుకు ఆ వాక్యమే ఎక్కువ ఉపయోగం.

గుంజ లేని రోగి ఉదయం ఎలా ఉంటుందో కూడా ఒకసారి చూడండి. ఎముకల గుల్లతనానికి అలెండ్రోనేట్ ఉన్న రోజున లేవగానే పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో వేసుకుని, అరగంట పాటు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే, తినడానికి అరగంట నుంచి గంట ముందు. ఎముకలకే ఇచ్చిన కాల్షియం, రక్తహీనతకిచ్చిన ఇనుము మాత్రలు థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడంగా. షుగరు మాత్రల్లో కొన్ని భోజనానికి ముందు, కొన్ని భోజనంతో. ఒక్కో స్పెషలిస్టు తన గుంజ చుట్టూ సరిగ్గానే రాశాడు. అన్నీ కలిసేసరికి తొమ్మిదిగంటల వరకు ఆ మనిషి కాఫీ తాగలేడు. విసుగెత్తి అన్నీ ఒకేసారి మింగుతాడు, థైరాయిడ్ అదుపు తప్పుతుంది, మోతాదు పెంచుతారు. మల్టీమార్బిడిటీ అన్న మాట కాగితం మీద ఉంటే కనీసం ఎవరో ఒకరు ఈ మాత్రలన్నిటినీ ఒక టైంటేబుల్‌లో కూర్చాలన్న బాధ్యత గుర్తుకొస్తుంది. అందుకే ఆ మాటను కోమార్బిడిటీలో కలిపేయవద్దని ఇంత పట్టు పడుతున్నాం.

అనువాదకులకూ పాత్రికేయులకూ మా దగ్గర కొన్ని మాటలున్నాయి, నచ్చితే వాడండి. కోమార్బిడిటీకి తోడు జబ్బు, శాస్త్రీయంగా కావాలంటే సహవ్యాధి. మల్టీమార్బిడిటీకి బహువ్యాధి స్థితి. ‘స్థితి’ని వదలకండి, అది మనిషి ఉన్న తీరును చెబుతుంది. కాంప్లికేషన్‌కు ఉపద్రవం, లేదా తేట తెలుగులో జబ్బు తెచ్చిన జబ్బు. వైద్యం వల్ల వచ్చినదైతే మందు తెచ్చిన జబ్బు. సీక్వెలాకు జబ్బు మిగిల్చిన లోపం. ఇంగ్లిషు మాటే తెలుగు లిపిలో రాసినా మాకేం అభ్యంతరం లేదు, సరైనది రాస్తే చాలు. ‘అనుబంధ వ్యాధులు’ అని మాత్రం వద్దు. ఆ మాట తోడునూ ఉపద్రవాన్నీ రెంటినీ మోస్తుంది, దేన్నీ తేల్చదు.

ఇక మొదట చెప్పిన తుంటి ఎముక రోగి వరుస. అది ఇలా ఉంటే మాకు ఫోన్ చేసి అడిగే పని ఉండదు: ‘చేరడానికి కారణం: కుడి తుంటి ఎముక విరగడం. తోడు జబ్బులు: టైప్-2 షుగరు, 14 ఏళ్లు, బీపీ, 9 ఏళ్లు. షుగరు ఉపద్రవం: కిడ్నీ జబ్బు, మూడో దశ, రెటీనా మార్పులు కూడా ఉన్నాయి, రెండేళ్ల కిందటి క్రియాటినిన్ 1.7. చేరాక వచ్చినది: న్యుమోనియా, ఆపరేషన్ తర్వాత ఐదో రోజు. కిడ్నీ దృష్ట్యా నొప్పికి పారాసెటమాల్ మాత్రమే, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు.’

ఇట్లు,
మీ కాగితాలు చదివే పనిలో ఉన్నవాళ్లం